ఆకాశమున గంట, నేలమీద పూట

లండను, పారిసు నగరముల మధ్య దూరమెంత అని ఎవరైన అడిగినచో, వారు ఏ వాహనమును మనసున నుంచుకొని అడుగుచున్నారో తెలిసినగాని సరియైన సమాధానము చెప్ప వీలుపడదు. భూగోళముపై ఈ నగరమునుండి ఆ నగరమునకు దారము బిగించి కొలిచినచో సుమారు 344 కిలోమీటర్లు. ఇంగ్లీషు కాలువ క్రింద తొలిచిన సొరంగము గుండ పోవు రైలుపట్టాల వెంబడి కొలిచినచో 490 కిలోమీటర్ల వరకు. విమానమెక్కినవాడు ఆకాశమున ఉండునది గంట లోపే. రైలెక్కినవాడు కూర్చుండునది రెండుంబావు గంటలు. అయినను ఆ రెండు నగరముల నడుమ తిరుగువారిలో అధికసంఖ్యాకులు, దూరమును ఎక్కువై కాలమును ఎక్కువ పట్టునట్టి ఆ రైలునే కోరి ఎక్కుచున్నారు. ఈ వింతకు గల కారణమును తెలిసికొన్నచో, మన శ్రీకాకుళము జిల్లాలో టెక్కలి ప్రక్కనున్న రావివలస నుండి విశాఖపట్నపు విమానాశ్రయమునకు బయలుదేరు కుటుంబమునకు కూడ ఆ లెక్క అక్కరకు వచ్చును.

మన వైపు వారికి నిత్యము పనిపడు జంట విశాఖపట్నము, హైదరాబాదు. ఈ రెంటి మధ్యను దూరములు మూడు కలవు. జాతీయ రహదారిపై రాజమహేంద్రవరము, విజయవాడల మీదుగా పోవువానికి అది సుమారు 620 కిలోమీటర్లు. విజయవాడ, వరంగల్లుల మీదుగా పోవు రైలుకు సుమారు 700 కిలోమీటర్లు. అందులో విజయవాడకు ఇటు సగము, అటు సగము. విశాఖ విమానాశ్రయమునుండి శంషాబాదు విమానాశ్రయమునకు నేరుగా కొలిచినచో 511 కిలోమీటర్లు మాత్రమే. ఆ నేరు గీతను పటముమీద గీచి చూచితిమా, అది తీరమును విడిచి మన్యపు కొండలనెక్కి, పాపికొండల ప్రాంతమున గోదావరిని దాటి, ఖమ్మమునకు కొంచెము ఉత్తరముగా పోయి భాగ్యనగరమును చేరును. రైలును, బస్సును కొండలకు వెరచి సముద్రతీరమును పట్టుకొని దక్షిణమునకు దిగి, కృష్ణ ఒడ్డున మలుపు తిరిగి, మరల ఉత్తరపశ్చిమములకు ఎక్కవలసియున్నవి. రైలుదారిలో నూట తొంబది కిలోమీటర్లు ఈ చుట్టుతిరుగుడు వలననే అధికమైనవని గ్రహింపవలెను.

ఈ నేరు దూరమును లెక్కించు విధానము పాఠశాల విద్యార్థి కూడ చేయదగినంత సులభము. భూమి గోళాకారము గనుక దానిపై రెండు స్థానముల మధ్య అన్నిటికంటె పొట్టిదారి సరళరేఖ కానేరదు. ఆ రెండు స్థానములను, భూకేంద్రమును కలుపుచు కోసిన కోతలో ఏర్పడు మహావృత్తపు చాపమే పొట్టిదారి. అక్షాంశము ఒక డిగ్రీ మారినచో దూరము సుమారు 111 కిలోమీటర్లు మారును. రేఖాంశపు డిగ్రీ భూమధ్యరేఖ వద్ద అంతే ఉండి ధ్రువముల వైపు పోనుపోను తగ్గుచు, మన అక్షాంశముల వద్ద సుమారు 106 కిలోమీటర్లగును. విశాఖకును శంషాబాదుకును రేఖాంశమున 4.8 డిగ్రీలు, అక్షాంశమున అర డిగ్రీ వ్యత్యాసము గలదు; ఈ రెండు అంకెలను లంబకోణ త్రిభుజపు భుజములుగా తీసికొని కర్ణమును కట్టినచో పై సంఖ్య వచ్చును.

దగ్గరి ఊళ్లకు ఈ త్రిభుజము చాలును గాని దూరదేశములకు చాలదు. హైదరాబాదు నుండి లండనుకు మహావృత్తము వెంబడి సుమారు 7,750 కిలోమీటర్లు. గోడకు వ్రేలాడు పటముపై చూచినవానికి లండనునుండి హైదరాబాదు ఆగ్నేయదిశలో ఉన్నట్లు కనిపించును. కాని మహావృత్తపు దారి లండనులో మొదలగునప్పుడు దాదాపు సూటిగా తూర్పునకే సాగి, పోనుపోను క్రమముగ దక్షిణమునకు వంగును. విమానపు తెరపై ఆ వంకర గీతను చూచి పైలటు చుట్టుదారిన తీసికొనిపోవుచున్నాడేమో అని అనుమానించువారు, ఆ వంకర భూమిది కాదనియు, గుండ్రని భూమిని చదునైన కాగితముపై పరచిన పటముదనియు తెలిసికొన్నచో నిశ్చింతగా నిద్రపోవచ్చును.

అయితే విమానము మహావృత్తమును తు.చ. తప్పక అనుసరించుననుకొనుట కూడ పొరపాటే. ఆకాశమున నిర్ణీత బిందువులు, వాటిని కలుపు మార్గములు ఉన్నవి. సైన్యము తన అభ్యాసములకు ప్రత్యేకించుకొన్న గగనభాగములు ఉన్నవి. దేశములు మూసివేసిన హద్దులు ఉన్నవి. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధము ప్రారంభమైన పిమ్మట ఆ దేశపు ఆకాశము పౌరవిమానములకు మూతపడినది. 2025 ఏప్రిలులో పాకిస్తాను తన గగనతలమును భారతీయ విమానములకు మూసివేయగా, ఉత్తరభారతమునుండి ఐరోపాకు పోవు మన విమానములు అరేబియా సముద్రము మీదుగా చుట్టుతిరుగవలసివచ్చినది. నగరములు కదలలేదు, భూమి పెరుగలేదు. అయినను ప్రయాణము గంటల లెక్కన పెరిగినది.

ఇక కాలమునకు వత్తము. 511 కిలోమీటర్ల దూరమును గంటకు 830 కిలోమీటర్లు పోగల జెట్టు విమానము ఎంతసేపట దాటును అని బడిపిల్లవానికి లెక్క ఇచ్చినచో వాడు 37 నిమిషములని చెప్పి మార్కులు తెచ్చుకొనును. టిక్కెట్టుపై మాత్రము గంట పది మొదలు గంట ఇరువది నిమిషముల వరకు అచ్చువేసియుండును. ఈ తేడాయంతయు ఎక్కడికి పోయినది? టిక్కెట్టుపై ఉండునది ఎగిరిన కాలము కాదు. విమానము నిలిచియున్న చోట దాని చక్రములకు ముందువెనుకల అడ్డుపెట్టిన దిమ్మలను తీసివేసి కదిలించిన క్షణమునుండి, దిగిన ఊరిలో మరల ఆ దిమ్మలను చక్రములకు ఆనించిన క్షణము వరకు గల మొత్తము కాలమది. విశాఖలో తలుపులు మూసిన విమానమును ఒక పొట్టిబండి వెనుకకు నెట్టును. అది తాపీగ నేలపై నడచి రన్‌వే కొనకు చేరును. నౌకాదళమువారి స్థావరమైన ఐ.ఎన్.ఎస్. డేగాలో ఉన్న విమానాశ్రయము గనుక నౌకాదళ విమానములకును దారి ఇయ్యవలసియుండును. విమానము సాధారణముగ గాలికి ఎదురుగ లేవవలెను. కావున తూర్పుగాలి వీచునప్పుడు, పడమటనున్న హైదరాబాదుకు పోవలసిన విమానము మొదట తూర్పుముఖముగ లేచి సముద్రముపైకి పోయి, అచ్చట తిరిగి మరల ఊరిని దాటి పడమటికి వచ్చును. కిటికీ ప్రక్క కూర్చున్నవానికి ఓడరేవును, నీలికెరటములను చూచిన ఆనందము మిగులును గాని గమ్యమునకు ఒక్క అడుగైనను దగ్గర కానేరడు.

అది లేచిన తరువాత పది కిలోమీటర్ల ఎత్తునకు చేరుటకు సుమారు 20 నిమిషములు, దిగివచ్చుటకు ఇంచుమించు అంతే కాలము పట్టును. ఎక్కునప్పుడును దిగునప్పుడును వేగము తక్కువ. ఇంత పొట్టి ప్రయాణమున విమానము పూర్తివేగముతో సమముగ ఎగురు భాగము సగమునకు తక్కువే యగును. శంషాబాదు వద్ద ముందు వచ్చినవి నాలుగు ఉన్నచో వరుసలో వేచియుండి దిగవలెను. ఈ జాగులన్నిటిని అనుభవమున ఎరిగిన సంస్థలు, ఆలస్యమైనదన్న మాట పడకుండుటకై కొన్ని నిమిషములు ముందే కలుపుకొని వేళాపట్టికను వ్రాసికొనును. కొన్ని మారులు విమానము 10 నిమిషములు ముందుగ దిగినదని మనము సంతోషించుట ఈ కలుపుకొన్న నిమిషముల చలవయే.

గాలి చేయు పని మరియొకటి ఉన్నది. విమానవేగమును దాని చుట్టునున్న గాలితో పోల్చి కొలిచెదరు. ఆ గాలియే కదలుచున్నప్పుడు నేలతో పోల్చిన వేగము మారును. శీతకాలమున ఉత్తరభారతముపై పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమటినుండి తూర్పునకు ప్రచండమైన గాలివాహిని పారుచుండును. హైదరాబాదు నుండి 2,550 కిలోమీటర్ల దూరముననున్న దుబాయికి పోవునప్పుడు సుమారు 4 గంటలు పట్టగా, తిరిగి వచ్చునప్పుడు అరగంట వరకు తగ్గుట ఈ పడమటి గాలుల వలననే. వర్షర్తువున దక్షిణభారతముపై వ్యవహారము తలక్రిందులగును. అప్పుడు పైనుండు గాలివాహిని తూర్పునుండి పడమటికి పారును. ఈ ఉష్ణమండలపు తూర్పు గాలివాహినిని శాస్త్రలోకమునకు 1958లో ప్రచురించిన వ్యాసమున విశదముగ వివరించినవారు పంచేటి కోటేశ్వరము గారు, మన తెలుగువారు, తరువాత భారత వాతావరణ శాఖకు అధిపతియైనవారు. ఆ గాలివాహిని నడిభాగము విమానముల మార్గముకంటె ఎత్తున నుండును గాని, దాని ప్రభావము క్రింది పొరలకును దిగును. విశాఖ నుండి హైదరాబాదు వంటి పొట్టి ప్రయాణమున ఈ గాలులు చేయు మేలుకీడులు రెండు మూడు నిమిషములను మించవు. దూరదేశముల ప్రయాణమున మాత్రము అవి గంటలను తెచ్చును, గంటలను తీసికొనిపోవును.

మన జిల్లాలోని తీరప్రాంతమైన ఉద్దానమునుండి వెల్డర్లుగను, ఫిట్టర్లుగను గల్ఫు దేశములకు పోయిన యువకుల ఇండ్లలో మరియొక చిక్కు తరచు వినవచ్చును. కొడుకు హైదరాబాదులో ఉదయము 10 గంటలకు ఎక్కి మధ్యాహ్నము 12.30కు దుబాయిలో దిగినాడు. సెలవుకు వచ్చునప్పుడు రాత్రి 10 గంటలకు ఎక్కి మర్నాడు తెల్లవారుజామున 3 గంటలకు దిగినాడు. “పోయినప్పుడు రెండున్నర గంటలు, వచ్చినప్పుడు అయిదు గంటలా? ఇదేటి బావా, దారి అదేగదా, ఇంత తేడా ఎలాగొచ్చింది?” అని టెక్కలి బస్టాండులో ఒకాయన ప్రక్కవారిని అడుగగా విన్నాను. టిక్కెట్టుపై బయలుదేరు వేళ ఈ ఊరి గడియారమునకు, చేరు వేళ ఆ ఊరి గడియారమునకు సరిపోవునట్లు వ్రాయుదురు. దుబాయి గడియారము మనకు గంటన్నర వెనుక. పోవునప్పుడు ఆ గంటన్నర దాగికొని, వచ్చునప్పుడు బయటపడును. రెండు ప్రయాణములను కూడి సగము చేసినచో గడియారముల తేడా తనంత తానే రద్దగును. ఇచ్చట రెండున్నరయు అయిదును కూడి సగము చేయగా వచ్చిన మూడుముప్పావు గంటలే ఆ దారికి సగటు కాలము. ఏ దేశమునకైనను ఈ సూత్రము చెల్లును.

సూర్యుని గడియారము ఇంతకంటెను నిక్కచ్చియైనది. రావివలసలో ఎండల మల్లికార్జునస్వామి లింగమునకు కప్పు లేదు. మిట్టమధ్యాహ్నపు సూర్యుడు ఆ మహాలింగముపై నేరుగ ప్రకాశించును. భారతదేశమంతటికి ప్రామాణికమైన కాలము 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమునకు చెందినది. ఆ రేఖ మన రాష్ట్రమున కాకినాడ, తుని ప్రాంతములమీదుగ పోవుచున్నది. రావివలస ఆ రేఖకు తూర్పున ఉండుటచేత ఇచ్చటి సూర్యునికి మధ్యాహ్నము గడియారముకంటె సగటున 7 నిమిషములు ముందే అగును. డిగ్రీకి 4 నిమిషముల చొప్పున లెక్కించినచో, రావివలస లింగమునకు సూటిగ వచ్చిన సూర్యుడు హైదరాబాదు నడినెత్తికి చేరుటకు 23 నిమిషములు పట్టును. నేడు తిరుగుచున్న ప్రయాణికుల విమానమేదియు ఈ పందెమున సూర్యునితో గెలువజాలదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు మరలి వత్తము. రావివలస నుండి హైదరాబాదులోని కూకటిపల్లికి కొడుకు ఇంటికి పోవు దంపతులు ఉదయము 10 గంటల విమానమునకు టిక్కెట్టు తీసికొన్నారనుకొందము. ఇంటినుండి విశాఖ విమానాశ్రయము సుమారు 160 కిలోమీటర్లు. శ్రీకాకుళము దాటి, ఆనందపురము దాటి, నగరపు రద్దీని దాటి పోవలెను గనుక మూడు గంటలు చేతనుంచుకొని 5 గంటలకే కారెక్కుదురు. 8 గంటలకు చేరి, సామాను అప్పగించి, తనిఖీలు ముగించుకొని, బోర్డింగు పాసు చేతబట్టుకొని కూర్చుందురు. 11.20కి శంషాబాదులో విమానము ఆగును. సామాను వచ్చు పట్టీ వద్ద అరగంట గడచును. అచ్చటినుండి నగరపు ఒక కొననుండి మరియొక కొనకు పోవుటకు గంటన్నర, రద్దీని బట్టి అంతకు ఎక్కువ. కొడుకు ఇంటి గుమ్మము ముందు నిలుచునప్పటికి మధ్యాహ్నము 1.30 దాటును. గుమ్మమునుండి గుమ్మమునకు ఎనిమిదిన్నర గంటలు. అందు విమానము నేలను విడిచి ఆకాశముననున్నది ఒక్క గంట. రావివలసకును ఆ ఇంటికిని గల నేరు దూరము సుమారు 630 కిలోమీటర్లు. దానిని ఎనిమిదిన్నర చేత భాగించినచో, గంటకు 830 కిలోమీటర్లు పోవు యంత్రమెక్కినవారి అసలు వేగము గంటకు సుమారు 74 కిలోమీటర్లుగ తేలును! అది ఒక వేగవంతమైన ఎక్స్‌ప్రెస్ రైలు సగటు వేగము.

అందుచేతనే పలాస, టెక్కలి ప్రాంతపు గృహస్థులు అనేకులు పలాస స్టేషనులో ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెసునో, విశాఖ ఎక్స్‌ప్రెసునో పట్టుకొని రాత్రి పడుకొనిపోవుటకే ఇష్టపడుదురు. గంటలు ఎక్కువే, కాని ఆ గంటలు నిద్రలో పోవును, ఛార్జీ స్వల్పము, కాశీబుగ్గ నుండి స్టేషను నడకదూరము. 2023 సంక్రాంతినాడు ప్రారంభమైన వందేభారత్ రైలు విశాఖ, సికింద్రాబాదుల మధ్య సుమారు 700 కిలోమీటర్లను ఎనిమిదిన్నర గంటలలో దాటుచున్నది. విశాఖ నగరవాసికి విమానము దానికంటె నిస్సందేహముగ ముందు. విశాఖకు పోవుటకే మూడు గంటలు వెచ్చింపవలసిన ఉద్దానపువానికి ఆ ముందు చాలవరకు నేలమీదనే హరించిపోవును.

ఐరోపావారు ఈ పాఠమును నేర్చుకొనుటకు దశాబ్దములు పట్టినవి. 1919 ఆగస్టు 25న లండను, పారిసుల మధ్య ప్రపంచమున మొట్టమొదటి దినవారీ అంతర్జాతీయ విమానసేవ ఆరంభమైనది. హౌన్‌స్లో మైదానమునుండి ల బుర్జే మైదానమునకు చేరుటకు ఆ చిన్న విమానమునకు రెండున్నర గంటలు పట్టినది. పిమ్మట యంత్రములు మారి, వేగము అనేకరెట్లు పెరిగి, ఆకాశమున ఉండు కాలము గంటలోపునకు దిగినది. కాని అదే కాలమున విమానాశ్రయములు ఊరికి దూరమైనవి. హీత్రో లండనుకు పడమట, షార్ల్ ద గోల్ పారిసుకు ఈశాన్యమున, ఒక్కొక్కటి నగరమధ్యమునకు పాతిక కిలోమీటర్ల దాపున వెలసినవి. తనిఖీలు పెరిగినవి. ఆకాశమున మిగిల్చిన గంటను నేల తిరిగి లాగికొన్నది. 1994లో సొరంగము తెరచినప్పుడు రైలుకు మూడు గంటలు పట్టెడిది. 2007 నవంబరులో ఇంగ్లండు వైపు కొత్త వేగమార్గము పూర్తియైన పిదప అది రెండుంబావు గంటలకు తగ్గినది. రైలు ఊరినడుమ ఎక్కించుకొని ఊరినడుమ దింపును. ప్రయాణికుడు గుమ్మమునుండి గుమ్మమునకు లెక్క చూచికొన్నాడు, రైలు గెలిచినది.

మన వైపున కూడ నేలమీది లెక్క మారు సూచనలు కలవు. విజయనగరము జిల్లా భోగాపురము వద్ద అల్లూరి సీతారామరాజు పేర నిర్మాణమునకు పూనుకొన్న అంతర్జాతీయ విమానాశ్రయము జాతీయ రహదారిని ఆనుకొని, విశాఖకు ఈవలనే ఉన్నది. రావివలసవారికి ఇప్పుడున్న విమానాశ్రయముకంటె అది సుమారు 50 కిలోమీటర్లు దగ్గర. అన్నిటికిని మించి విశాఖ నగరపు రద్దీలోనికి పోవలసిన అగత్యము తప్పును. విశాఖ నగరమున దక్షిణభాగమున ఉన్నవానికి అదే విమానాశ్రయము దూరమగును. ఒకే మార్పు ఒకరికి గంటను ఇచ్చి మరియొకరినుండి గంటను తీసికొనునని దీనిచేత తెలియుచున్నది.

ఉద్దానముననే ఒక విమానాశ్రయము కావలెనను ప్రతిపాదన కూడ ఉన్నది. 2024 జూను నుండి కేంద్రమున పౌరవిమానయానశాఖను నిర్వహించుచున్న కింజరాపు రామ్మోహన నాయుడు గారి స్వగ్రామమైన నిమ్మాడ ఈ చుట్టుపట్లనే ఉండుటచేత ఆ ఆశ మరింత బలపడినది. మరియొకవైపు జీడితోటల, కొబ్బరితోటల రైతులు భూములిచ్చుటకు సమ్మతింపక ఎదురు నిలిచినారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఒక్క రాత్రిలో కూల్చిన తోటలను ఏండ్ల తరబడి మరల పెంచుకొన్నవారు వారు. కొబ్బరిమొక్క కాపునకు వచ్చుటకు ఎన్నేండ్లు పట్టునో వారికి ఎవరును చెప్పనక్కరలేదు. ఈ వివాదమున తీర్పు చెప్పుట ఈ వ్యాసముయొక్క పని కాదు. కాని ఇరుపక్షములవారును ముందుంచుకొనదగిన లెక్క ఒకటి కలదు: ఊరిప్రక్కన రన్‌వే ఉన్నంతమాత్రమున ప్రయాణము పొట్టి కాదు, దినమునకు ఎన్ని విమానములు, ఏ ఏ ఊళ్లకు, ఏ వేళలకు పోవును అన్నదే కాలమును నిర్ణయించును. దినమునకు ఒక్కటే పోవునప్పుడు, అది తప్పినవాడు మరల రహదారి పట్టి పోవలసినవాడే.

కావున ఇకమీదట రెండు ఊళ్ల మధ్య దూరమును, విమానకాలమును ఎవరైన చెప్పినప్పుడు, ఆ రెండు అంకెలకు ఇటువైపున ఒకటి, అటువైపున ఒకటి నేలమీది అంకెలను చేర్చి చదువుకొనుట మేలు. విమానపు వేగమును గంటకు 830 నుండి 930 కిలోమీటర్లకు పెంచిరనుకొందము. విశాఖ–హైదరాబాదు దారిలో అది పూర్తివేగముతో పోవునది 200 కిలోమీటర్లని ఉదారముగ లెక్కించినను, మిగులునది రెండు నిమిషములకు లోపే. రావివలసనుండి విమానాశ్రయమునకు 50 కిలోమీటర్లు తగ్గినచో మిగులునది దాదాపు గంట. పాలకులు డబ్బు ఎచ్చట వెచ్చింపవలెనో, ప్రయాణికుడు టిక్కెట్టు కొనుటకు ముందు ఏమి అడుగవలెనో ఈ రెండు అంకెలే చెప్పుచున్నవి.